చస్తే కోటి, బతికుంటే సున్నా

ఈ దేశంలో పెళ్లయిన మగవాడు అబద్ధం చెప్పడానికి జంకే చోటు ఇంకా ఒకటి మిగిలింది. అది బీమా కంపెనీ.

నమ్మరా? టర్మ్ పాలసీకి దరఖాస్తు పెడుతున్న ముప్ఫై అయిదేళ్ల ఆసామిని చూడండి. కోటి రూపాయల కవరు కావాలంటే ఆదాయానికి రుజువు చూపాలి. జీతం చీటీలు, ఫారం 16, ఐటీ రిటర్నులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు ఒకదాని వెనక ఒకటి బయటికొస్తాయి. జీతమెంత, బోనసెంత, అద్దెకిచ్చిన ఫ్లాటు మీద ఎంతొస్తుంది, రోజుకెన్ని సిగరెట్లు, వారానికెన్ని పెగ్గులు, నాన్నకు షుగరుందా, అమ్మకు బీపీ ఉందా... కట్టుకున్నదానికి ఏళ్ల తరబడి నోరు విప్పి చెప్పని సంగతులన్నీ ఫోనులో ముక్కూ మొహం తెలియని అమ్మాయి అడిగితే గడగడా అప్పజెబుతాడు. ఆ సత్యసంధత చూస్తే హరిశ్చంద్రుడు కాటికాపరి కొలువు వదిలేసి ఏ బీమా ఏజెంటు దగ్గరో పాఠాలు చెప్పించుకోవలసిందే.

దీని వెనక పెద్ద వేదాంతమేం లేదు. బీమా చట్టంలో 45వ సెక్షనని ఒకటుంది. ముఖ్యమైన సంగతి దాచావని మూడేళ్ల లోపల తేలితే కంపెనీ పాలసీనే తిరగదోడవచ్చు. అబద్ధానికి అక్కడ ఖరీదుంది. పైగా ఓ ఆశ కూడా ఉంది. ఆదాయం గట్టిగా చూపితేనే కవరు గట్టిగా వస్తుంది. వయసును బట్టి ఏడాది సంపాదనకు ఇన్ని రెట్లని కంపెనీ లెక్క కడుతుంది. ఆ లెక్కకు ‘మానవ జీవిత విలువ’ అని గంభీరమైన పేరు. తన విలువ కోటి రూపాయలని తేలగానే మన ఆసామి ఛాతీ రెండంగుళాలు ఉబ్బుతుంది.

కొన్నాళ్లు గడిచాయి. గొడవలు, పెద్దమనుషుల పంచాయితీలు, ఆవిడ పిల్లాణ్ని తీసుకుని పుట్టింటికి చేరడం, చివరికి మనోవర్తి కేసు. ఆసామికి కొత్త పేరొచ్చింది. ఇప్పుడాయన ప్రతివాది గారు. ప్లీడరు ఎదుట కూర్చున్నారు.

“ఉద్యోగం ఎక్కడ చేస్తున్నారు?”

“గచ్చిబౌలిలో సార్. టీం లీడ్‌ని.”

“చేస్తున్నారు కాదు, చేసేవారు.”

“లేద్సార్, ఇప్పటికీ...”

“చేసేవారు అన్నాను కదా. కేసు వల్ల మనసు వికలమై మానేశారు. కారుందా?”

“ఉంది సార్.”

“మీ బావగారి పేరు మీదికి మార్చేయండి. ఫ్లాటు?”

“ఈఎంఐ కడుతున్నాను.”

“భేష్. ఆ అప్పు మాత్రం మీ పేరు మీదే ఉండనివ్వండి.”

అఫిడవిట్ తయారైంది. ప్రతివాది గారికి ఉద్యోగం లేదు. ఆస్తి లేదు. వృద్ధులైన తల్లిదండ్రుల మీద ఆధారపడి, వాళ్ల పింఛనులో రెండు ముద్దలు తిని బతుకుతున్నారు. అప్పులు మాత్రం నిండుగా ఉన్నాయి. పిల్లాడి మీద ప్రేమ కూడా నిండుగానే ఉంది, అది ఆరో పేరాలో ఉంటుంది. ఈ అఫిడవిట్ మీద సంతకం పెట్టిన రోజున కూడా ఆయన టర్మ్ పాలసీ ప్రీమియం బ్యాంకు ఖాతాలోంచి ఆటో డెబిట్ అయింది. ఉద్యోగం లేనివాడి ఖాతాలోంచి నెలనెలా ప్రీమియం ఎలా పోతోందని అడిగే నాథుడు లేడు. ఒకే మనిషి, ఒకే సంతకం. చస్తే కోటి, బతికుంటే సున్నా.

ఆయన చేసిన చురుకైన పని ఒకటుంది. పాలసీలో నామినీగా ఉన్న భార్య పేరు తీసేసి తల్లి పేరు పెట్టించుకున్నారు. దానికి వాయిదాలు పడలేదు, నోటీసులు తిరిగి రాలేదు. కూర్చున్నచోట నుంచే యాప్‌లో పనైపోయింది.

న్యాయస్థానాలకు ఈ నాటకం తెలియదనుకోకండి. బాగా తెలుసు. 2020 నవంబర్ 4న సుప్రీంకోర్టు రజనేష్ వర్సెస్ నేహా కేసులో తీర్పిచ్చింది. జస్టిస్ ఇందూ మల్హోత్రా, మన తెలంగాణ నుంచి వెళ్లిన జస్టిస్ సుభాష్ రెడ్డి కూర్చున్న ధర్మాసనం అది. దేశమంతా ఒకే రకం నమూనా ఇచ్చి, భార్యాభర్తలిద్దరూ ఆస్తులు, అప్పులు, ఆదాయం, ఖర్చులు అన్నీ ప్రమాణపూర్వకంగా రాసివ్వాలంది. దరఖాస్తు పెట్టిన తేదీ నుంచే మనోవర్తి లెక్కకట్టాలంది. మంచి తీర్పు, ఎంతో మందికి మేలు చేసింది. అయితే ఆ నమూనాలో గడులు నింపేది ప్రతివాది గారే. నింపింది నిజమో కాదో తేల్చే యంత్రం కోర్టు దగ్గర లేదు. ఆ యంత్రం పేరు ‘పిటిషనర్’. అంటే పిల్లాణ్ని చంకనేసుకున్న తల్లి.

ఆవిడ డిటెక్టివ్ పని మొదలుపెడుతుంది. ఆయన గోవాలో దిగిన ఫొటో ఎవరో వాట్సాప్‌లో పెడితే దాచుకుంటుంది. కొత్త బుల్లెట్ బండి నంబరు రాసుకుంటుంది. ఆఫీసు స్నేహితుడి భార్యకు ఫోను చేసి, ఈ ఏడాది ఇంక్రిమెంట్లు ఎలా వచ్చాయని వంటల కబుర్ల మధ్యలో ఆరా తీస్తుంది. సమాచార హక్కు కింద ఆదాయపు పన్ను శాఖకు అర్జీ పెడితే మూడో వ్యక్తి వ్యక్తిగత సమాచారమని తిప్పి పంపుతారు. జోధ్‌పూర్ నుంచి వచ్చిన ఒక కేసులో భర్త ఆదాయం మొత్తమెంతో, వివరాల జోలికి పోకుండా, భార్యకు చెప్పమని కేంద్ర సమాచార కమిషన్ 2020లోనే ఆదేశించింది. ఆ తర్వాత 2023 నాటి డేటా రక్షణ చట్టం వచ్చి, సమాచార హక్కు చట్టంలో వ్యక్తిగత సమాచారపు నిబంధననే బిగించి రాసింది. ఆమెకు మిగిలిన ఆధారం గోవా ఫొటో. అది పాతదని ప్రతివాది గారు ఇంకో అఫిడవిట్ వేస్తారు.

ఇదే ప్రతివాది గారిని, దేవుడు చల్లగా చూడాలి గానీ, ఓ రోజు లారీ గుద్దిందనుకుందాం. కాలు విరిగి పరిహారం కోసం మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌కి వెళ్తారు. అక్కడ పరిహారం లెక్క సంపాదన మీద ఆధారపడుతుంది. అందుకని ఫ్యామిలీ కోర్టులో పోయిన ఉద్యోగం ట్రిబ్యునల్‌లో తిరిగొస్తుంది. జీతం చీటీలు మళ్లీ కళ్లు తెరుస్తాయి. ‘నెలకు లక్షన్నర సంపాదించే నన్ను ఈ ప్రమాదం మంచానికి అతికించింది’ అని కంటతడి పెడతారు. రెండు కోర్టులూ ఒకే ఆవరణలో ఉండొచ్చు. ఒక హాలులో బికారి, పక్క హాలులో కుబేరుడు. మధ్యలో ఉన్న వరండా దాటడానికి ఆయనకు నిమిషం చాలు. ఆ వరండాను కాగితం మాత్రం ఎన్నేళ్లయినా దాటదు.

సర్కారుకు చూపు ఆనదని కదా మీ అనుమానం? అయ్యో, డేగ కళ్లు. 2021 నవంబర్ నుంచి ఆదాయపు పన్ను శాఖ ప్రతి పాన్ కార్డుకీ వార్షిక సమాచార నివేదిక అని ఒకటి తయారుచేస్తోంది. పొదుపు ఖాతా మీద వచ్చిన వడ్డీ, షేర్ల మీద వచ్చిన డివిడెండు, అమ్మిన మ్యూచువల్ ఫండు, కొన్న స్థలం, అన్నీ అందులో కనిపిస్తాయి. మీరు మరిచిపోయిన ఖాతా వాళ్లకు గుర్తుంటుంది. హెల్మెట్ లేకుండా చౌరస్తా దాటితే కెమెరా ఫొటో తీసి, బండి నంబరుతో సహా ఫోనుకి చలాను పంపుతుంది.

ఇక బీమా సొమ్ము విషయంలో సర్కారు తన వాటా కోసం ఎంత ముందుచూపుతో ఉందో చూడండి. పన్ను మినహాయింపు దొరకని పాలసీ గడువు తీరి లక్ష రూపాయలో అంతకుమించో చేతికి రావలసి ఉంటే, కంపెనీ అందులోని లాభం మీద 2 శాతం ముందే కోసి ఖజానాకు కట్టి, మిగిలింది ఇస్తుంది. 2024 అక్టోబర్ దాకా అది 5 శాతం. పాన్ ఇవ్వకపోతే 20 శాతం. ఈ కోత కోసం ఖజానా కోర్టుకు పోలేదు, ప్లీడర్ని పెట్టుకోలేదు, పాలసీదారుడు గోవాలో దిగిన ఫొటో దాచుకోలేదు. డబ్బు చేతులు మారే గుమ్మం దగ్గరే నిలబడి తీసుకుంటోంది. అదే గుమ్మంలో పిల్లాడి స్కూలు ఫీజు బకాయి కూడా పట్టుకోండయ్యా అంటే, అబ్బే, అది ప్రైవేటు వ్యవహారం.

మనకు, తెలుగువాళ్లకు, ఇందులో మరో ముచ్చట ఉంది. దేశంలోని బీమా కంపెనీలన్నిటి ముక్కుతాడు పట్టుకున్న ఐఆర్‌డీఏఐ ప్రధాన కార్యాలయం ఢిల్లీలో లేదు, ముంబయిలో లేదు. మన హైదరాబాద్ ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఉంది. ఆ సంస్థే 2009లో నెలకొల్పిన ఇన్సూరెన్స్ ఇన్ఫర్మేషన్ బ్యూరో కూడా ఇదే ఊళ్లో ఉంది. ఎవరు ఏ పాలసీ తీసుకున్నారు, ఎవరు ఏ క్లెయిము పెట్టారు అన్న సమాచారం దేశం నలుమూలల కంపెనీల నుంచి ఆ బ్యూరోకి చేరుతుంది. ఎందుకంటారా, మోసం పట్టడానికి. ఒకే గుండెపోటుకు రెండు కంపెనీల దగ్గర డబ్బు గుంజేవాణ్ని, జబ్బు దాచి పాలసీ కొనేవాణ్ని పసిగట్టడానికి. చాలా మంచిదే. కంపెనీని మోసం చేసినవాణ్ని పట్టే యంత్రం ఒక ఊళ్లో ఉంది. కన్నబిడ్డను మోసం చేసినవాడి కేసు నడిచే ఫ్యామిలీ కోర్టు కూడా అదే ఊళ్లో ఉంది. ఊళ్లో మెట్రో రైలు వేయడం సాధ్యమైంది గానీ ఈ రెంటి మధ్యా ఓ ఉత్తరం నడవడం ఇంకా సాధ్యపడలేదు.

ఏ కంపెనీలో పాలసీ ఉందో తెలిస్తే కోర్టు ఆ కాగితాలు పిలిపించగలదు, కాదనను. ఏ కంపెనీలో ఉందో చెప్పవలసింది మాత్రం మళ్లీ ఆ తల్లే.

ఇదేదో అసాధ్యమైన ఊహ అనుకుంటారేమోనని అమెరికా సంగతి చెబుతాను. అక్కడ 1975 నుంచే పిల్లల మనోవర్తి వసూలుకు సర్కారీ యంత్రాంగం ఉంది. తండ్రి కొత్త ఉద్యోగంలో చేరితే యజమాని ఆ సమాచారం రాష్ట్రానికి పంపాలి, అక్కడి నుంచి జాతీయ జాబితాకు ఎక్కుతుంది. జీతంలోంచే కోత. బకాయి 2,500 డాలర్లు దాటితే పాస్‌పోర్టు ఇవ్వరు. 2006 ఫిబ్రవరిలో సంతకమైన ఒక చట్టం బీమా గుమ్మాన్ని కూడా తెరిచింది. బకాయిదారుల జాబితాను, బీమా కంపెనీల దగ్గర క్లెయిము పెట్టినవాళ్ల జాబితాను పక్కపక్కన పెట్టి సరిపోల్చే అధికారం కేంద్రానికి ఇచ్చింది. ఆ చట్టం పేరేమిటో తెలుసా, లోటు తగ్గింపు చట్టం. పిల్లాడి పాల డబ్బా లోటు అన్నది వాళ్ల బడ్జెట్ లోటులోకి ఎలా దూరిందో కాసేపట్లో చెబుతాను.

కేంద్రం స్థాయిలో కంపెనీలు చేరడం వాళ్ల ఇష్టం. కొన్ని రాష్ట్రాలు మాత్రం ఇష్టాయిష్టాలు అడగలేదు. మసాచుసెట్స్‌లో ఒక్కసారిగా ఇచ్చే క్లెయిము 500 డాలర్లయినా దాటినా, చెక్కు రాసే ముందు కంపెనీ ఆ మనిషికి పిల్లల బకాయి ఉందేమో చూసుకుని తీరాలి. చూసేది ఎవరితో అనుకున్నారు, రాష్ట్ర రెవెన్యూ శాఖతో. పన్ను వసూలు చేసే శాఖకే పిల్లల మనోవర్తి వసూలు అప్పగించారు. బాకీ వసూలులో ఎవరికి ఒడుపు తెలుసో వాళ్లకే ఇచ్చారన్నమాట. న్యూజెర్సీలో ఈ బరువు ప్లీడర్ల మీదే పడింది. పరిహారమో వారసత్వమో ఖర్చులు పోను 2,000 డాలర్లు దాటితే, క్లయింటు చేతిలో పెట్టే ముందు ఆయన పేరు మీద మనోవర్తి బకాయి తీర్పులున్నాయేమో ప్లీడరే వెతికించాలి. మన ప్లీడరు గారిని ఆ కుర్చీలో ఊహించుకోండి. ‘చేసేవారు’ అని నేర్పిన నోటితోనే ‘బకాయి ఎంత’ అని అడగాలి.

ఆ పద్ధతిలో నాకు నచ్చింది వేరే ఉంది. ఎవరి ఫైలూ ఎవరూ తెరిచి చూడరు. మాజీ భార్య చేతికి మాజీ భర్త పాలసీలు వెళ్లవు. బకాయిదారుల పేర్లు ఒక వైపు, క్లెయిములు ఒక వైపు. కలిసిన పేరు దగ్గరే గంట మోగుతుంది. వైద్యానికైన ఖర్చు, ప్లీడరు ఫీజు లాంటివి పక్కన పెట్టాకే మిగిలినదాని మీద చెయ్యి పడుతుంది. ఇంత చిన్న పని.

న్యూజెర్సీ ఎడిసన్‌లో ఉన్న మన తెలుగాయన కూడా ఈ వలలోనే ఉంటాడు. అక్కడి కోర్టు ఆర్డరుంటే అక్కడి జీతంలోంచి నెలనెలా కోత పడుతుంది, కిమ్మనడు. అదే మనిషి మీద గుంటూరులో కేసు నడిస్తే ‘అమెరికాలో కాంట్రాక్టు పోయింది, గది అద్దెకే చాలడం లేదు’ అని పవరాఫ్ అటార్నీ ఇచ్చిన మేనమామ చేత చెప్పిస్తాడు. నీళ్లు దాటితే నిజాయితీ రంగు మారుతుంది కాబోలు.

సరే, లోటు సంగతి. అమెరికాను మెచ్చుకుంటే అక్కడితో ఆగకూడదు. పేద తల్లి సర్కారు సాయం తీసుకుంటుంటే, తండ్రి నుంచి రావలసిన మనోవర్తి హక్కును ఆమె రాష్ట్రానికి రాసివ్వాలి. చాలా చోట్ల ఆ డబ్బు వసూలయ్యాక అందులో పెద్ద ముక్క, కొన్నిచోట్ల మొత్తం, పిల్లాడికి చేరదు. ‘మేం మీ అమ్మకిచ్చిన సాయానికి చెల్లు’ అని రాష్ట్రం, కేంద్రం పంచుకుంటాయి. తండ్రి ఎగ్గొట్టింది పిల్లాడికి, వసూలైంది ఖజానాకు. బడ్జెట్ లోటులోకి పాల డబ్బా దూరింది ఇలాగే. ఇంకో సంగతి. 2007లో అర్బన్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు తొమ్మిది పెద్ద రాష్ట్రాల బకాయిలు తవ్వి చూశారు. అందులో 70 శాతం, రికార్డుల్లో ఏడాదికి 10,000 డాలర్లు మించని ఆదాయం ఉన్నవాళ్లదేనని తేలింది. అంటే వల వేసింది తిమింగలాల కోసమైనా అందులో గిలగిల్లాడింది ఎక్కువగా చిట్టిచేపలు. ఇవ్వలేనివాణ్ని, ఇవ్వనివాణ్ని ఒకే తాడుతో కట్టేస్తే జరిగేది అదే.

అందుకే మన దగ్గర ఈ సరిపోల్చుడు పెట్టేవాళ్లు అమెరికా నుంచి యంత్రం తెచ్చుకోండి గానీ దాని ఆకలి తెచ్చుకోకండి. ఏడాదికి 436 రూపాయలు కట్టి రెండు లక్షల జీవన్‌జ్యోతి పాలసీ తీసుకున్న ఆటో డ్రైవరు జోలికి పోనక్కర్లేదు. ఆస్పత్రి బిల్లు క్లెయిము ముట్టుకోనక్కర్లేదు. వసూలైన ప్రతి రూపాయీ పిల్లాడి ఖాతాకే. ఈ గీతలు గీసుకున్నాక కూడా మన ప్రతివాది గారు హాయిగా మిగిలి ఉంటారు. ఇంతవరకూ అసలు వలే పడని పెద్ద చేప ఆయన. బీమా అనేది స్వభావరీత్యా ప్రీమియం కట్టగలిగినవాళ్ల జాబితా కదా. ఇవ్వలేనివాడికీ ఇవ్వనివాడికీ తేడా చూపే కాగితం ఈ దేశంలో ఉందంటే అది ఆయన నింపిన ప్రపోజల్ ఫారమే.

ఇప్పుడు గోప్యత అని లేస్తారు. ప్రతివాది గారే ముందు లేస్తారు. టార్చిలైటు యాప్‌కి ఫోనులోని నంబర్లన్నీ చూసుకోమని అనుమతిచ్చినవారు, నిమిషాల్లో పర్సనల్ లోను కోసం ఆర్నెల్ల బ్యాంకు లావాదేవీలు ఒక్క వేలి నొక్కుతో అప్పగించినవారు, ‘నా డేటా నా ప్రాథమిక హక్కు’ అని రాజ్యాంగ ధర్మాసనాన్ని తలుచుకుంటారు. నిజమే, హక్కే. అప్పిచ్చేవాడికి డేటా ఇస్తే ‘సమ్మతి’, బిడ్డకు బాకీ ఉన్నప్పుడు అడిగితే ‘చొరబాటు’. ఆయన భక్తితో పట్టుకున్న 2023 డేటా చట్టంలోనే 17వ సెక్షనుంది. చట్టబద్ధమైన హక్కునో క్లెయిమునో అమలు చేయించుకోవడానికి అవసరమైన చోట ఆ చట్టపు బాధ్యతల్లో చాలావాటికి మినహాయింపు ఉందని అందులో రాసి ఉంది. ప్రతివాది గారు ఆ పేజీ దాకా వెళ్లలేదు.

ఇంకొందరు అంటారు: ‘ఆవిడ కూడా ప్రైవేటు స్కూల్లో ఉద్యోగం దాచిందండీ.’ దాచే ఉండొచ్చు. ఆవిడ పాలసీలు కూడా సరిపోల్చండి, ఎవరొద్దన్నారు? పిల్లాడు తండ్రి దగ్గర పెరుగుతూ తల్లి లక్షలు సంపాదిస్తుంటే గంట ఆవిడకీ మోగాలి. కేసులో అఫిడవిట్ దాఖలు చేయనివాడు ఒక్కడే ఉన్నాడు. వాడు ఇప్పుడు మూడో తరగతి. కేసు వేసినప్పుడు ఇంకా ఉగ్గు తినేవాడు.

చట్టం కఠినంగా లేదా అంటే, చదవడానికి కఠినంగానే ఉంది. పాత నేర విచారణ కోడ్‌లో 125వ సెక్షను, ఇప్పుడు నాగరిక్ సురక్షా సంహితలో 144. 1973 కోడ్ రాసినప్పుడు మనోవర్తి నెలకు 500 మించరాదని గీత గీశారు. ఆ గీత చెరపడానికి 2001 దాకా పట్టింది. అదే సవరణలో మధ్యంతర మనోవర్తి అర్జీని నోటీసు అందిన 60 రోజుల్లో, వీలైనంతవరకు, తేల్చాలన్నారు. ఆ ‘వీలైనంతవరకు’ అన్నచోటే మన న్యాయవ్యవస్థ మంచం వేసుకుని పడుకుంది. ఆర్డరొచ్చాక ఇవ్వకపోతే జప్తు వారంటు. అప్పటికీ ఇవ్వకపోతే ఎగ్గొట్టిన ఒక్కో నెలకూ నెల దాకా జైలు. భయమేస్తోంది కదూ? ప్రతివాది గారికి వేయలేదు. బాకీపడ్డ ఏడాదిలోగా అమలు అర్జీ పెట్టుకోకపోతే ఆ దారిలో వారంటు రాదు. ఒక్క అర్జీ మీద నెలకు మించి జైల్లో పెట్టడం కుదరదు, మళ్లీ కొత్తగా అర్జీ పెట్టుకోవాలని 1999లో షహదా ఖాతూన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. జైలుకెళ్లినంత మాత్రాన బాకీ తీరదని పదేళ్ల ముందే కుల్దీప్ కౌర్ కేసులో అదే కోర్టు చెప్పింది గానీ, తీరని బాకీ వసూలు కావాలంటే ఆస్తి కనబడాలి. అది బావగారి పేరు మీద ఉంది. ఇక వారంటు పట్టుకుని వెళ్లిన కానిస్టేబులుకు ప్రతివాది గారు ఇంట్లో దొరకరు. ‘సదరు వ్యక్తి ఊళ్లో లేడు’ అని రాసుకొస్తాడు. అదే సాయంత్రం ఆ ఊళ్లోనే, ఆ ఇంటికే, ఆయన పేరు మీదే ఓ డెలివరీ కుర్రాడు బిర్యానీ అందిస్తాడు. దారి చెప్పాలా అని ఫోనైనా చేయడు.

తల్లిదండ్రుల్ని చూడని సర్కారీ ఉద్యోగి జీతంలో కోత పెట్టి వాళ్లకిచ్చే చట్టం అస్సాం 2017లోనే చేసింది. తెలంగాణ ముఖ్యమంత్రి కూడా 2025లో అదే మాట అన్నారు. చప్పట్లు మార్మోగాయి. కన్నవాళ్లను చూడకపోతే కోత అన్నప్పుడు మోగిన చేతులు, కన్నబిడ్డను చూడకపోతే కోత అంటే జేబుల్లోకి పోతాయి.

అసలు తమాషా సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో దాక్కుంది. మనోవర్తి ఆర్డరును సివిల్ డిక్రీలాగా కూడా అమలు చేయొచ్చని రజనేష్ తీర్పు దారి చూపింది. ఆ దారిలో వెళ్తే 60వ సెక్షను ఎదురొస్తుంది. ఏయే సొమ్ము జప్తు చేయకూడదో చెప్పే జాబితా అది. జీతం విషయంలో ఆ జాబితాకు బిడ్డ ఎవరో, వడ్డీ వ్యాపారి ఎవరో తెలుసు. వడ్డీ వ్యాపారి డిక్రీ పట్టుకొస్తే మొదటి వెయ్యి రూపాయలు, ఆ మిగిలినదాంట్లో మూడింట రెండు వంతులు ముట్టుకోకూడదు. మనోవర్తి డిక్రీకైతే వదిలేయాల్సింది జీతంలో మూడో వంతే. 1976 సవరణ చేర్చిన ఈ తేడా ముచ్చటైనది. అదే సవరణ, అదే కలంతో, మరో ఉపవాక్యం కూడా చేర్చింది: బాకీదారుడి ప్రాణం మీద తీసుకున్న బీమా పాలసీ కింద వచ్చే సొమ్మంతటికీ జప్తు నుంచి మినహాయింపు. ఇక్కడ మాత్రం బిడ్డ, వడ్డీ వ్యాపారి ఒకే బెంచీ మీద కూర్చున్నారు.

ఇలాంటి రక్షణ ఎవరి కోసం ఉంటుంది? ఇంటాయన పోతే అప్పులవాళ్లు వచ్చి పిల్లల నోటి దగ్గర కూడు లాక్కోకుండా. ఇప్పుడు ఇంటాయన బతికే ఉన్నాడు, మనీబ్యాక్ పాలసీ వాయిదా సొమ్ము నాలుగైదేళ్లకోసారి చేతికొస్తోంది, ఆ పిల్లలే అప్పులవాళ్లయ్యారు. అప్పులవాళ్ల నుంచి పిల్లల కోసం కట్టిన గోడ పిల్లల మీదే తలుపేసుకుంది. ఆ తలుపు తియ్యడానికి రాజ్యాంగ సవరణ అక్కర్లేదు. ‘మనోవర్తి డిక్రీ అమలులో తప్ప’ అని చేర్చాలి. ఆ మాటల భావం పై ఉపవాక్యాల్లోనే ఉంది, చూసి ఎక్కించుకున్నా చాలు. ఐఆర్‌డీఏఐ వైపు నుంచి చెల్లింపుకు ముందు పేరు సరిపోల్చమని ఒక ఆదేశం, కోర్టుల వైపు నుంచి ఆర్డరు ధిక్కరించినవాళ్ల పాన్ నంబర్ల జాబితా కావాలి.

2023లో పార్లమెంటు నేర విచారణ కోడ్ మొత్తం ముందేసుకుని కూర్చుంది. పేరు మార్చింది, భాష మార్చింది, 125ని 144 చేసింది. మనోవర్తి ఎగవేత ఉన్న పేజీ దగ్గరికి వచ్చేసరికి ఏడాది గడువు అలాగే ఉంచింది, నెల జైలు అలాగే ఉంచింది. ఇప్పుడు ఫ్యామిలీ కోర్టు బయట టైపు చేసేవాళ్లు పాత అర్జీల్లో 125 కొట్టేసి 144 అని పెట్టుకుంటున్నారు. ఫైలింగ్ సెక్షన్లో ఆ అంకె తప్పుపడితే మాత్రం అర్జీ అదే రోజు వెనక్కొస్తోంది.